పాత ఇంజిన్‌కి పోసిన నూనె

సునీల్‌కుమార్ కామెర్లు ముదిరి చనిపోయేనాటికి అతని భార్య జ్యోతిరాణికి ఆధారమంటూ మిగిలింది ఒక పాత బండి. వెనక తొట్టి ఉన్న చిన్న సరుకుల బండి అది. కలకత్తాలో అందరూ దాన్ని ఛోటా హాథీ అంటారు. హౌరాలోని టికియాపారా బస్తీలో వాళ్ళది ఒకటే గది. ఆ గదిలో ఆమెతోపాటు అత్త గురవమ్మ ఉంటుంది. పిల్లలు లేరు. సునీల్ తండ్రి ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వీధులూడ్చే పనిలో చేరినవాడు. కొడుకుల చేతికి చీపురు రాకూడదని పట్టుబట్టి పెద్దవాణ్ణి ఒక మెకానిక్ దగ్గర, చిన్నవాణ్ణి ఒక డ్రైవర్ దగ్గర పనికి పెట్టాడు. పెద్దవాడు తిరుపతిరావు ఇప్పుడు రైల్వే కార్‌షెడ్ వెనక సొంతంగా గ్యారేజి నడుపుతున్నాడు. చిన్నవాడు సునీల్ వేరేవాళ్ళు వాడి అమ్మిన బండిని కొనుక్కుని, మెటియాబ్రుజ్‌లో దర్జీలు కుట్టిన బట్టల మూటలను వంతెన దాటించి హౌరా మంగళా హాట్‌కి చేరవేసేవాడు. మంగళవారం సంతకి సోమవారమే సరుకు రావాలి. కాబట్టి సోమవారాలు బండికి ఊపిరి సలిపేది కాదు.

పెద్దకర్మ భోజనాల దగ్గర, ఇంకా జనం ఆకుల ముందు నుంచి లేవకముందే, తిరుపతిరావు బండి మాట ఎత్తాడు. ఆడమనిషి బండి తోలడం కుదిరే పని కాదనీ, దర్జీల కిరాయి తమ ఇంటిదే కాబట్టి బయటికి పోకూడదనీ, బండి తాను తీసుకుని తన కొడుకు యోగేశ్‌కి ఇస్తాననీ, తమ్ముడి పెళ్ళాం తిండికి లోటు రానివ్వననీ చెప్పాడు. పెద్దలు తలలూపారు. జ్యోతిరాణి గడప దగ్గర కూర్చుని ఉంది. బండి తనే తోలుకుంటానని అంది. ఎవరో నవ్వారు. తిరుపతిరావు నవ్వలేదు.

ఆమెకు తోలడం వచ్చు. సునీల్ ఆదివారాలు షాలిమార్ యార్డు పక్క ఖాళీ జాగాలో సరదాకి నేర్పాడు. లైసెన్సు పరీక్షకి మాత్రం తోడు వెళ్ళింది యోగేశ్. ఇరవై నాలుగేళ్ళవాడు. మోటార్ సైకిల్ మీద తిండి పొట్లాలు ఇళ్ళకు చేరవేసే పని చేస్తాడు. తండ్రి గ్యారేజిలోకి అడుగుపెట్టడానికి ఇష్టపడడు. పిన్ని పరీక్ష రాస్తున్నంతసేపూ బయట ఎండలో నిలబడి, పాసయిందని తెలియగానే బస్తీ అంతా చెప్పుకొచ్చాడు. ఆ సాయంత్రం తిరుపతిరావు గ్యారేజి ముందు, పనివాళ్ళందరూ చూస్తుండగా, ఎదిగిన కొడుకుని చెంపమీద కొట్టాడు.

మెటియాబ్రుజ్‌లో కుట్టుపని చేయించే యజమానులను ఉస్తాగర్లంటారు. వాళ్ళలో పెద్దవాడు నసీముద్దీన్ ఉస్తాగర్ మొదట జ్యోతిరాణిని చూసి గడ్డం గోక్కున్నాడు. తర్వాత, మూటలకి డ్రైవరు ఆడో మగో తెలియదు, పొద్దు గూకేలోపు హాట్‌లో ఉంటే చాలు అన్నాడు. అంతే, సునీల్ చేసిన కిరాయిలన్నీ ఆమెకు దక్కాయి. బండి రోజూ కార్‌షెడ్ వెనక గ్యారేజి ముందు నుంచే పోవాలి. పక్క టీ కొట్టు దగ్గర కూర్చునే వాళ్ళు, మీ మరదలు నీకంటే బాగా రివర్సు కొడుతోందయ్యా అని తిరుపతిరావుని ఆటపట్టించేవారు. అతను చేతిలో పనిమీదికి వంగేవాడు. కొన్ని నెలలు ఆమెతో మాట్లాడలేదు.

నూనె మార్చే సమయం వచ్చేసరికి అతనే పలకరించాడు. తమ్ముడి బండి వేరే చోటికి పోతే తనకి తలవంపులని, తీసుకురమ్మని కబురు పెట్టాడు. జ్యోతిరాణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బావగారి మనసు మెత్తబడిందనుకుంది.

చాలా ఏళ్ళు తిరిగిన ఇంజిన్‌లో భాగాలు ఒకదానికొకటి రాసుకుని అరిగి, మధ్య సందులు పెరుగుతాయి. ఆ సందుల్లో నిలబడగలిగే చిక్కటి నూనె పోయాలి. ట్వంటీ ఫిఫ్టీ అని డబ్బా మీద ఉండే రకం. ఈ సంగతి సునీల్‌కి చెప్పిందే తిరుపతిరావు. ఏళ్ళ తరబడి ఆ బండికి తన చేత్తో అదే పోశాడు. ఆ రోజు మాత్రం అలమారలో పై అరనుంచి వేరే డబ్బా దించాడు. జీరో ట్వంటీ. షోరూం నుంచి అప్పుడే దిగిన కొత్త కార్లకి వాడే రకం. గరాటాలోంచి నీళ్ళలా జారిపోయింది. చిక్కటి దానికంటే అది ఖరీదైనది కూడా. అయినా అతను మరదలి దగ్గర పైసా తీసుకోలేదు.

కలకత్తాలో ఏ కంపెనీ ఇంజిన్ నూనెనైనా మోబిల్ అనే అంటారు. ఈసారి మోబిల్ ఇంత పల్చగా ఉందేమిటని జ్యోతిరాణి అడిగింది.

"పాత బండి కదమ్మా," అన్నాడు తిరుపతిరావు. "ముసలోలకి గంజి పోసినట్టు దీనికీ పల్చటిదే పొయ్యాల. గట్టిది అరిగించుకోనేదు."

తర్వాత బండి కిందికి దూరి ఒక వైరు కోశాడు. నూనె ఒత్తిడి పడిపోతే డ్రైవరు ముందు ఎర్ర దీపం వెలిగించే వైరు అది. ఆ దీపం ఊరికే వెలిగి నిన్ను కంగారు పెడుతుంది, తీసేశానని చెప్పాడు. ఆమె చేతులు జోడించి దండం పెట్టింది.

ఇంటికొచ్చి అత్తతో చెప్పింది, పెద్ద కొడుకు ఎంత బాగా మాట్లాడాడో, ఏమీ తీసుకోకుండా ఎంత ఖరీదైన నూనె పోశాడో. గురవమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేపలు బాగుచేస్తోంది. తలెత్తలేదు.

మొదట కొన్నాళ్ళు బండి తేలిగ్గా పరుగెత్తింది కూడా. తర్వాత చప్పుడు మొదలైంది. పొద్దున్న స్టార్ట్ చేస్తే కుట్టు మిషను ఆడినట్టు టిక టిక. కొన్ని వారాలకి అది లోతుకి దిగి, ఎవరో లోపల్నించి తలుపు కొడుతున్నట్టు వినిపించింది. వెనక గొట్టంలోంచి నీలం పొగ. జ్యోతిరాణి గ్యారేజికి వెళ్ళిన ప్రతిసారీ తిరుపతిరావు చెవి పెట్టి విని, కొత్త నూనెకి ఇంజిన్ అలవాటు పడుతోందని చెప్పి, తగ్గినంత మళ్ళీ అదే డబ్బాలోంచి పోసి పంపేవాడు. అతని లెక్క అతనికుంది. బండి పూర్తిగా పాడవకూడదు. మరదలు విసిగి వదులుకునేంతగా పాడైతే చాలు. చేతికొచ్చాక బేరింగులు మార్చి, సరైన నూనె పోసి కొడుకు చేతికివ్వవచ్చు.

భాద్రపదంలో దుర్గాపూజ బట్టల గిరాకీ మండిపోతున్న ఒక సోమవారం, విద్యాసాగర్ సేతు ఎక్కుతుండగా బండి ఆగిపోయింది. పైన వాన. టార్పాలిన్ ఒక మూల చిరిగి ఉంది. వేరే బండి దొరికి మూటలు మార్చేసరికి పిల్లల గౌన్లు సగం రంగు దిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. నసీముద్దీన్ ఉస్తాగర్ అరవలేదు. హాట్‌లో తన కొట్టు ముందు, వచ్చేపోయే వాళ్ళ మధ్య ఆమెను నిలబెట్టి, ప్రతి మూటా ఆమె చేతనే విప్పించాడు. ప్రతి గౌనూ పైకెత్తి చూపించమన్నాడు. ఆమె ఎత్తి చూపిస్తుంటే పక్క కొట్లవాళ్ళు చూశారు. అంతా అయ్యాక, ఇంకొక్కసారి ఇలా జరిగితే మెటియాబ్రుజ్‌లో ఎవరూ ఆమెకు ఒక్క మూట కూడా ఇవ్వకుండా చూస్తానని నెమ్మదిగా చెప్పాడు.

బండిని తాడు కట్టి లాక్కుపోయింది టికియాపారాకి కాదు. ఎందుకో ఆమెకు ఆ రోజు బావగారి మొహం చూడాలనిపించలేదు. మెటియాబ్రుజ్‌లోనే ఇద్రిస్ అనే ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళింది. అతను కింది బోల్టు విప్పి నూనెను పళ్ళెంలోకి వంచాడు. రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. కాస్త తీసి పాత ఉర్దూ పేపరు మీద పోసి వెలుతురులోకి తెచ్చాడు. నూనె ఇంకిపోయిన చోట కాగితం మీద సన్నటి లోహపు పొడి మెరిసింది. బేరింగులు అరిగిపోయిన పొడి అది అని చెప్పాడు. క్రాంక్ అనే లోపలి ఇరుసు కూడా గీతలు పడి ఉంటుందన్నాడు. ఇంజిన్ మొత్తం దింపి చేయాలంటే ఆ ఖర్చుకి ఇంకో పాత బండి వస్తుంది.

ఇంత అరిగిన ఇంజిన్‌కి ఈ నూనె పోసిందెవరని అడిగాడు. తెలియక పోశారేమో అంది జ్యోతిరాణి. ఇద్రిస్ కిందికి దూరి చూసి, చేతిలో తెగిన వైరు కొసతో బయటికి వచ్చాడు.

"ఇది తెగలేదు దీదీ. కోశారు. నూనె సంగతి తెలియనివాడికి ఈ వైరు సంగతి తెలియదు."

ఇద్రిస్ ఆమెకు టీ తెప్పించాడు. మాటల్లో మాటగా, ఇలాంటి బండ్లను కొందరు ఎలా వదిలించుకుంటారో కూడా చెప్పాడు. దొరికినవాటిలోకెల్లా చిక్కటి లారీ నూనె తెచ్చి, అందులో జిగురు మందు కలిపి పోస్తారు. చప్పుడు అణిగిపోతుంది. పొగ తగ్గుతుంది. కొన్నవాడు ఇంటికి చేరేదాకా బండి బాగుంటుంది. కానీ లోపల చెడింది చెడినట్టే ఉంటుంది, ఇంకా త్వరగా బిగుసుకుని పట్టేస్తుంది. తాను మాత్రం అలాంటి పని చెయ్యనన్నాడు. పాత ఇనుము కింద అమ్మేయమని సలహా ఇచ్చి, తీసిన నూనెనే వడకట్టి పోసి, చల్లారాక మళ్ళీ స్టార్టయిన బండిని పంపాడు.

ఆ సాయంత్రం జ్యోతిరాణి అత్తకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, బావగారు తన బండికి ఏం చేశాడో నీకు తెలుసా అని అడిగింది. గురవమ్మ అన్నం కలుపుతూనే ఉంది.

"తెలుసు," అంది చివరికి.

"ఎప్పట్నించి?"

"పోసిన రోజునే సెప్పినాడు. రెండు మూడు నెలల్లో బండి మూలపడతాది, దానికదే దారికొస్తాది అన్నాడు." ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగింది. "ఏటి, అలా సూత్తావు? మొగుడు పోయినదానివి, పిల్లా జెల్లా నేదు. నడిరోడ్డు మీద మగోల మధ్య బండేటి నీకు? నా కొడుకు సేసింది నీ మంచికే."

"ఆ బండి కూడా నీ కొడుకుదే అత్తా. సచ్చిపోయిన కొడుకుది."

గురవమ్మ ఇంకాస్త చారు పొయ్యమంది. జ్యోతిరాణి పోసింది.

జ్యోతిరాణి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ వారంలో ఖిదిర్‌పూర్‌లో తనను ఎవరూ ఎరగని కొట్టుకి వెళ్ళి, పెద్ద లారీలకి పోసే నూనె, ఇద్రిస్ చెప్పిన జిగురు మందు కొన్నది. సోమవారం ఉదయం రోడ్డు పక్కన బండి ఆపి, పల్చటి నూనె మురిక్కాలవలోకి వదిలేసి, కొత్తది పోసింది. అది తేనెలా నెమ్మదిగా దిగింది. స్టార్ట్ చేస్తే లోపలి తలుపు చప్పుడు లేదు. బండి సునీల్ రోజుల్లోలా మెత్తగా ఆడింది. స్టీరింగ్ మీద తల ఆనించి కాసేపు ఆ చప్పుడు వింది.

సోమవారమే ఎందుకంటే, ఆ రోజు కొన్నవాడికి తీరిక ఉండదని ఆమెకు తెలుసు. మధ్యాహ్నం మూటలు ఎత్తాలి. తిరుపతిరావు కిరాయి వదులుకోడు. బండిని విప్పి చూడడం మర్నాటికి వాయిదా వేస్తాడు. మూటలతో వంతెన ఎక్కుతాడు. అక్కడ బండి పట్టేస్తుంది. నసీముద్దీన్ ఉస్తాగర్ అతన్ని కూడా హాట్‌లో నిలబెట్టి గౌన్లు ఎత్తించాలి. ఆమె కోరుకున్నది అంతే. యోగేశ్ తండ్రితో పోట్లాడి బయటి పని చేసుకుంటున్నాడు కాబట్టి బండి తోలేది తిరుపతిరావే అనుకుంది.

వంతెన మీద రెండు సార్లు తిప్పి, ఇంజిన్ బాగా వేడెక్కాక గ్యారేజికి తీసుకెళ్ళింది. వేడి మీద ఎంత చిక్కటి నూనె అయినా పల్చగానే కనిపిస్తుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తన వల్ల కావడం లేదనీ, ఉస్తాగర్ నలుగురిలో పరువు తీశాడనీ, బండి మీరే తీసుకోండనీ చెప్పింది. ఏడవడానికి ఆమె కష్టపడనక్కర్లేకపోయింది.

తిరుపతిరావు బానెట్ దగ్గర చెవి పెట్టాడు. అతనికి నవ్వు ఆగలేదు. ఇన్నాళ్ళు ఆ నీళ్ళలాంటి నూనె మీద తిరిగి కూడా ఇంజిన్ ఇంత మెత్తగా ఆడుతోందంటే లోపల దెబ్బ తగల్లేదన్నమాట. తమ్ముడు ఎంత బాగా చూసుకున్నాడో అనుకున్నాడు. నూనె మట్టం చూసే కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, గీత వరకూ ఉందా లేదా అని మాత్రం చూశాడు. తాను పోసిన నూనెను తాను వాసన చూడడమెందుకు? అక్కడికక్కడే మాట్లాడుకున్న కొద్దిపాటి డబ్బు ఆమె చేతిలో పెట్టి కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. నూనె రేపు పొద్దున్న మార్చుకోవచ్చు, ఒక్క ట్రిప్పుకి ఏమీ కాదనుకున్నాడు. కొడుకుకి ఫోన్ చేశాడు.

యోగేశ్ మోటార్ సైకిల్ మీద వచ్చి దిగాడు. సొంత బండి దొరికితే ఇంటింటికీ పొట్లాలు మోసే పని మానేస్తానని ముందు రోజే తండ్రితో రాజీ పడ్డాడని ఆమెకు అప్పుడు తెలిసింది. అతను సిగ్గుపడుతూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"పిన్నీ, నీ పని లాగీసుకున్నానని అనుకోకు. నాకు రూట్ తెల్దు. నువ్వూ రా, పక్క సీట్లో కూకో. ఉస్తాగర్‌కి నేనెవరో నువ్వే సెప్పు."

జ్యోతిరాణి నోరు తెరిచింది. వద్దురా, ఇవాళ బండి తియ్యకు అనే మాట ఆమె నాలుక మీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడు తిరుపతిరావు ఒక వైరు ముక్క, కటింగ్ ప్లయరు పట్టుకుని బండి కిందికి దూరాడు. ఏమిటని యోగేశ్ వంగి అడిగితే, నూనె దీపం వైరు ఊడి ఉంది, అది లేకుండా బండి తోలకూడదురా, ప్రాణాల మీదికొస్తుంది అని కిందినించే కేకేసి చెప్పాడు.

ఆమె నోరు మూసుకుంది. వాన మొదలవుతుందేమో, టార్పాలిన్ సరిగ్గా కట్టుకో అని మాత్రం చెప్పింది. తనకి ఒంట్లో బాగాలేదని, రాలేనని అంది.

"ఎల్లిరా," అంది.

దారి పొడుగునా తనకు తాను నచ్చజెప్పుకుంటూ ఇంటికి నడిచింది. బండి ఆగిపోతుంది, అంతే. ఆగిపోయిన బండి వల్ల ఎవరూ చావరు. తనకు ఆగిపోలేదా? మహా అయితే కుర్రవాడు రెండు తిట్లు తింటాడు. తిట్లు తిన్నవాడు తండ్రిని వచ్చి అడుగుతాడు. అదీ మంచిదే.

ఆమె తోలినప్పుడు బండి వంతెన ఎక్కుతుండగా మెల్లగా ఆగింది. యోగేశ్ చేతిలో అలా ఆగలేదు. మూటలతో సేతు నడినెత్తికి ఎక్కి, హౌరా వైపు దిగుతూ వేగం అందుకున్నాక ఇంజిన్ ఒక్కసారిగా పట్టేసింది. చక్రాలు తిరగడం మానేశాయి. వెనక వస్తున్న ఇనుప చువ్వల లారీకి బ్రేకు వేసే వ్యవధి లేదు. బండిని గోడకేసి అదిమేసింది. యోగేశ్‌ని బయటికి తీయడానికి తలుపు కోయవలసి వచ్చింది. గౌన్లు వంతెన మీద అటూ ఇటూ పడి ఉంటే వెళ్ళేవాళ్ళు మోటార్ సైకిళ్ళు ఆపి ఏరుకున్నారు.

ప్రాణం దక్కింది. కుడి కాలు దక్కలేదు. ఆసుపత్రిలో మోకాలి పైకి తీసేశారు. గురవమ్మ వార్డు వరండాలో నేలమీద పడి గుండెలు బాదుకుంది. మనవడి పేరు, చచ్చిపోయిన కొడుకు పేరు కలిపి ఏడ్చింది. జ్యోతిరాణి ఆమెను లేవదీసి నీళ్ళు తాగించింది. తిరుపతిరావు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

కొన్ని రోజులకి పోలీసులు బండి చూసుకోవడానికి అతన్ని యార్డుకి పిలిచారు. ఇంజిన్ పక్క పగిలి రంధ్రం పడి ఉంది. లోపలి కడ్డీ విరిగి బయటికి పొడుచుకొచ్చింది. పగులు చుట్టూ నూనె కారి నల్లగా గడ్డకట్టినట్టుంది. అలవాటుగా వేలితో తీసి రుద్దాడు. వేళ్ళు విడదీస్తే మధ్య దారంలా సాగింది. అతను పోసిన నూనె అలా సాగదు.

యార్డు నుంచి తిన్నగా తమ్ముడి గదికి వచ్చాడు. గురవమ్మ మంచం మీద ఉంది. జ్యోతిరాణి బట్టలు మడతపెడుతోంది. అతను తలుపు మూసి, నల్లబడిన వేళ్ళు ఆమె మొహం ముందుకి చాపాడు.

"ఏ నూనె పోసినావు?"

జ్యోతిరాణి చేతిలో చీర మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. పెళ్ళయిన నాటి నుంచి అతన్ని మీరు అనే పిలిచింది.

"నువ్వేది పోసినావు?" అంది.

అతని చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది.

"పోలీసోలకి సెప్తాను. నా కొడుకు కాలు తీసీసినావని సెప్తాను."

"సెప్పు. మొదట్నించీ సెప్పు. అత్త ఉంది కదా, తనూ సెప్తాది."

ఇద్దరూ మంచం వైపు తిరిగారు. గురవమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. దుప్పటి తలమీదికి లాక్కుంది. కాసేపటికి తిరుపతిరావు చెయ్యి దించి, వేళ్ళు లుంగీకి తుడుచుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. పోలీసులకి బండి పాతదనీ, కొడుక్కి అలవాటు లేదనీ రాసిచ్చాడు.

బండి లేదు కాబట్టి జ్యోతిరాణి ఒక కాంట్రాక్టరు కింద రోడ్లూడ్చే పనికి కుదిరింది. ఆమె మామగారు తన ఇంట్లోకి రాకూడదనుకున్న చీపురు ఆమె చేతికి వచ్చింది. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వస్తుంది. అత్తా కోడళ్ళు ఆ ఒక్క గదిలోనే ఉన్నారు. వండుకోవడానికి, నీళ్ళు పట్టుకోవడానికి ఎంత కావాలో అంత మాట్లాడుకుంటారు.

చలికాలం వచ్చాక ఒక ఆదివారం యోగేశ్ చంకకర్రలతో వాళ్ళ గుమ్మంలోకి వచ్చాడు. బస్తీ సందులో కర్రలతో నడవడం ఇంకా చేతకాక చెమటలు కారుతున్నాయి. జ్యోతిరాణి ఎదురెళ్ళి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. గురవమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. యోగేశ్ టీ తాగి, గ్లాసు కింద పెట్టి, లేని కాలు వైపు చూసుకుని అడిగాడు.

"పిన్నీ, ఒక మాట. నిజం సెప్పు. బండి మాకు అమ్మినప్పుడు బాగుండేదా?"

గురవమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది.

నాలుగు నెలలుగా జ్యోతిరాణి ఈ ప్రశ్నకి జవాబు తయారు చేసుకుంటూనే ఉంది. నిజం చెప్పే జవాబు కూడా ఒకటి తయారుగా ఉంది. చీపురుతో రోడ్డు మీద ఉన్నప్పుడు దాన్ని చాలాసార్లు పైకే అనుకుంది కూడా.

"బాగానే ఉండేదిరా," అంది.

అతను తలూపాడు. తనకి తెలిసిన జవాబే వచ్చినట్టు ఊపాడు.

"అయితే నేనే. వంతెన మీద ఎర్ర దీపం ఎలిగింది పిన్నీ. సూసినాను. దిగినాక ఆపుదాంలే అని తోలీసినాను. నాన్న కూడా అదే అన్నాడు. దీపం ఎలిగితే ఆపాలని తెల్దా, కళ్ళు ఎక్కడ ఎట్టుకున్నావు, నీ కాలు నువ్వే తీసుకున్నావు అన్నాడు." చంకకర్ర పిడిని బొటనవేలితో రుద్దాడు. "నాకు కాలు పోయిందని కాదు. సిన్నాన్న బండి. నువ్వంత జాగర్తగా సూసుకున్నావు. నా సేతికి వచ్చిన రోజే పాడు సేసీసినాను. కోపమా నీకు?"

"నేదురా."

"కోపముంటే తిట్టీ. ఏటీ అనుకోను."

తిట్టలేనంది. అన్నం తిని వెళ్ళమంది. అతను తిన్నాడు. గురవమ్మ లేచి తన కంచంలోని చేప ముక్క అతని కంచంలో వేసింది.

యోగేశ్ వెళ్ళాక, సందు మలుపు తిరిగి కర్రల చప్పుడు వినపడకుండా పోయాక, గురవమ్మ గోడకి చెప్పినట్టుగా, నువ్వైనా చెప్పి ఉండాల్సింది అంది. నువ్వు చెప్పు, వెనకే వెళ్ళి పిలుస్తాను అంది జ్యోతిరాణి. ముసలామె చేట అందుకుంది.

ఆ తర్వాత యోగేశ్ ప్రతి ఆదివారం వస్తున్నాడు. పిన్నికి తన వల్ల బతుకుతెరువు పోయిందని అతని నమ్మకం. ఒక మొబైల్ రీఛార్జి కొట్లో కూర్చుని పనిచేస్తున్నాడు. వచ్చేటప్పుడు వాళ్ళకోసం బజారులో చేపలు కొని తెస్తాడు. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడు. జ్యోతిరాణి సంచీ అందుకుని, కడిగి, వండి, మొదట అతనికే వడ్డిస్తుంది. తల ముక్క నువ్వు తిను పిన్నీ అని అతను ఆమె కంచంలోకి తిరిగి వేస్తాడు. అతను చూస్తూ ఉంటాడు కాబట్టి ఆమె తింటుంది.